పెరటి పండ్లచెట్ల శిలీంధ్ర తెగుళ్లు

సంక్రాంతి ముందూ వెనకా మామిడి పూత నల్లబడి రాలిపోతే ఊళ్లో వినిపించే మాట ఒకటే: మంచు కొట్టి పూత మాడిపోయింది. ఆ మాటలో సగం నిజం ఉంది. మంచు తనంతట తాను పూతను మాడ్చదు. రాత్రి కురిసిన మంచు పొద్దెక్కేదాకా పూరెమ్మల మీద నిలిచి ఉంటే, ఆ తడిలో శిలీంధ్రాల సిద్ధబీజాలు మొలకెత్తి లేత పూలలోకి చొరబడతాయి. పూతను మాడ్చేవి అవి.

పండ్లచెట్లకు వచ్చే తెగుళ్లలో ఎక్కువ భాగం శిలీంధ్రాల వల్ల వచ్చేవే. ఆకుమచ్చ, బూడిద, మసి, తుప్పు, కాయకుళ్లు, కొమ్మ ఎండు, బంక కారడం, మొదలు కుళ్లు, వడలు అని వీటిని పిలుస్తారు. మామిడి, జామ, నిమ్మ, బత్తాయి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, ఉసిరి, రేగు, పనస, దానిమ్మ, కొబ్బరి వంటి తెలుగువారి పెరటి చెట్లలో ఈ తెగుళ్లు సోకనిది ఒక్కటీ లేదు. ఎకరాల తోట ఉన్న రైతు మందు మీద ఆధారపడక తప్పదు. పెరట్లో మూడు నాలుగు చెట్లున్న ఇంటివారికి మాత్రం పొద్దున్నే చెట్టు కిందికి వెళ్లి ఆకు తిప్పి చూసే వీలుంది. ఏ స్ప్రేయరూ ఇవ్వలేని బలం అది.

ఈ తెగుళ్ల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, మచ్చ కనబడిన రోజుకూ తెగులు లోపలికి వచ్చిన రోజుకూ మధ్య ఉండే దూరం. అది కొన్ని రోజులు కావచ్చు, కొన్ని నెలలు కూడా కావచ్చు. మే నెలలో మాగిన పండు మీద నల్లమచ్చ వేసిన శిలీంధ్రం ఆ కాయ పూతగానో పిందెగానో ఉన్నప్పుడే దాని మీద చేరి ఉంటుంది. ఎండాకాలంలో మొదలు నుంచి బంక కార్చే బత్తాయికి జబ్బు అంటుకున్నది ముందటి వానల్లో. అందుకే మచ్చ చూశాక కొట్టిన మందు చాలాసార్లు వృథా అవుతుంది. ఏ తెగులు ఏ నెలలో, ఏ తడిలో లోపలికి వస్తుందో తెలిస్తే సగానికి సగం పని మందు లేకుండానే అయిపోతుంది.

చెట్టులోకి వచ్చే దారి

రొట్టె మీద బూజు, వానకు లేచే పుట్టగొడుగు, చెట్టు మీద మచ్చ వేసే జీవి, ఇవన్నీ ఒకే కులానికి చెందినవి. వీటిలో పత్రహరితం ఉండదు కాబట్టి తిండి సొంతంగా తయారు చేసుకోలేవు. సన్నని తంతువులుగా పాకుతూ చచ్చిన పదార్థాన్నో బతికున్న కణజాలాన్నో తిని పెరుగుతాయి. కంటికి కనబడని సిద్ధబీజాల రూపంలో గాలికి ఎగిరి, వానచినుకుకు చింది, పురుగుల కాళ్లకు అంటుకుని, కత్తెర అంచున చేరి ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పోతాయి. ఆకు మీద పడ్డ సిద్ధబీజం మొలకెత్తాలంటే చాలా రకాలకు కొన్ని గంటలపాటు ఆరని తడి కావాలి. ముసురు పట్టిన వారంలో తెగులు పెరగడానికీ, ఒక్క జోరువాన కురిసి ఎండ కాసిన రోజున అంతగా పెరగకపోవడానికీ తేడా ఇక్కడే ఉంది. ఎంత వాన పడిందన్నదాని కన్నా ఆకు ఎంతసేపు తడిగా ఉందన్నదే లెక్క.

బూడిద తెగులు దీనికి మినహాయింపు. దాని సిద్ధబీజానికి నీటిచుక్క అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. నీరు నిలిస్తే అది దెబ్బతింటుంది కూడా. అందుకే వాన లేని చలికాలంలోనే అది విజృంభిస్తుంది.

ఫైటాఫ్తొరా, పిథియం అనే రెండు జాతుల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చూడ్డానికి, పని చేసే తీరుకు ఇవి శిలీంధ్రాల్లాగే ఉంటాయి. కాని వీటి కణాల గోడ సెల్యులోజుతో తయారవుతుంది. శిలీంధ్రాల గోడలో ఉండేది కైటిన్. నేటి వర్గీకరణ వీటిని శిలీంధ్రాల నుంచి తీసేసి ఒకరకం నాచుమొక్కలకు దగ్గరి బంధువులుగా లెక్కగడుతోంది. వీటి బీజాలు నీటిలో తోకలతో ఈదగలవు. నీళ్లు నిలిచిన పాదులో ఒక వేరు నుంచి మరో వేరుకు ఈదుకుంటూ పోతాయి. ఇది కేవలం పుస్తకాల్లోని తేడా అనుకోకూడదు. మచ్చ తెగుళ్లకు అందరూ వాడే కార్బెండజిమ్ వీటి మీద పనిచేయదు. బంక కారే నిమ్మచెట్టుకు ఆ మందు పోసి, తగ్గలేదేమా అని మళ్లీ పోయడం పెరళ్లలో తరచుగా జరిగే పొరపాటు.

అసలు శిలీంధ్రం కానివాటిని కూడా శిలీంధ్రమే అనుకుని మందు కొడుతుంటారు. నిమ్మకాయల మీద గరుకు బొడిపెలు వేసే గజ్జి తెగులు బాక్టీరియా వల్ల వచ్చేది. దానిమ్మ కాయను నక్షత్రం ఆకారంలో పగలగొట్టే నల్లమచ్చ తెగులూ బాక్టీరియాదే. బొప్పాయి ఆకులు ముడుచుకుని కాయ మీద ఉంగరాల గుర్తులు పడితే అది వైరస్. పనసచెట్టు మగ కంకులు నల్లబడి, బూజుపట్టి రాలిపోతుంటే చాలామంది కంగారు పడతారు. పుప్పొడి రాల్చేశాక మగ కంకి కుళ్లి రాలడం దాని సహజ ధర్మం. కాయగా మారే ఆడ కంకి లావుపాటి తొడిమ మీద ఉంటుంది, పచ్చగా బిగువుగా ఉంటుంది. వానలకు ఆ పిందె కూడా మెత్తబడి నల్లని బూజు పడితేనే అది రైజోపస్ కుళ్లు. రాలిన మగ కంకుల మీద పెరిగిన బూజే పిందెలకు ఎక్కుతుంది కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు ఏరి పారేయాలి.

మామిడి

మామిడికి పెద్ద శత్రువు పక్షికన్ను తెగులు. కారకం కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్. లేత ఎర్ర చిగురాకుల మీద చిన్న చిన్న నల్లమచ్చలుగా మొదలై, మచ్చ మధ్య ఎండి రాలి చిల్లులు పడతాయి. పూరెమ్మల మీద నల్లటి గీతలు పడి పూత రాలుతుంది. పిందె గోధుమరంగుకు తిరిగి రాలుతుంది. చిటారు కొమ్మలు పైనుంచి కిందికి ఎండుతాయి. ఆ ఎండుపుల్లలే మరుసటి ఏడాదికి విత్తనపు గరిసె. వాన పడినప్పుడు ఎండుపుల్ల మీది సిద్ధబీజాలు నీటితో కలిసి కింద వేలాడే కాయ మీద ధారగా కారతాయి. తొడిమ నుంచి ముక్కు దాకా కన్నీటి చారల్లా నల్లటి గీతలు పడిన కాయ ఎక్కడైనా కనిపిస్తే, దానికి నిలువుగా పైకి చూడాలి. ఎక్కువసార్లు అక్కడ ఒక ఎండుపుల్ల ఉంటుంది.

ఈ శిలీంధ్రం కాయలోకి వెళ్లే తీరు చూసి తీరవలసింది. తడి కాయ మీద పడ్డ సిద్ధబీజం మొలకెత్తి, తన మొలక చివర నల్లటి గట్టి బుడిపెను ఏర్పరచుకుని తోలుకు బంకలా అంటుకుంటుంది. ఆ బుడిపె అడుగు నుంచి సన్నని మేకులాంటి తంతువు మైనపు పొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. అక్కడే ఆగిపోతుంది. పచ్చి మామిడి తోలులో రిసార్సినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. శిలీంధ్రం పెరగకుండా ఆపేవి అవే. కాయ ముదిరి, కోసి మాగవేశాక ఆ రసాయనాలు తగ్గిపోతాయి, తోలు మెత్తబడుతుంది, తీపి పెరుగుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న శిలీంధ్రం అప్పుడు లేస్తుంది. కోసిన రోజున నిగనిగలాడిన బంగినపల్లి నాలుగో రోజుకో అయిదో రోజుకో నల్లమచ్చలతో నిండిపోతే గడ్డినీ గదినీ తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆ కాయకు కాపలా కాయవలసిన కాలం పూతా పిందె రోజులు.

కాబట్టి పక్షికన్నుకు మొదటి మందు కత్తెర. కోతలు అయిపోగానే ఎండుపుల్లలన్నిటినీ, ఎండిన భాగానికి మూడు నాలుగు అంగుళాల కింద పచ్చి కట్టె దాకా కోసి తీసేయాలి. చెట్టు నడుమ ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీస్తే గాలీ వెలుతురూ ఆడి మంచుతడి తొందరగా ఆరుతుంది. కత్తిరింపు తరవాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చెట్టంతా తడిసేలా పిచికారీ చేయాలి. పూరెమ్మ బయటికి వచ్చి పూలు విచ్చకముందు ఒకసారి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మరోసారి, లీటరుకు 1 గ్రాము చొప్పున కార్బెండజిమ్ కొట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. నిండు పూత మీద ఏ మందూ కొట్టకూడదు. అప్పుడు చెట్టంతా ఈగలు, తేనెటీగలు ముసిరి ఉంటాయి. పిందె కట్టేది వాటి వల్లే.

బూడిద తెగులు పూరెమ్మల మీద తెల్లటి పొడి చల్లినట్టు వస్తుంది. రాత్రి చలి, పగలు వెచ్చదనం, గాలిలో తేమ, ఈ మూడూ కలిసే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా దీని కాలం. వేలితో రాస్తే పొడి అంటుతుంది. దానికి నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు చాలా పాతదీ, ఇప్పటికీ నమ్మదగినదీ అయిన మందు. అయితే ఎండ 35 డిగ్రీలకు దగ్గరపడితే గంధకం లేత పిందెను కాలుస్తుంది. చల్లటి వేళలోనే, చలి ఉన్న రోజుల్లోనే వాడాలి.

మసి తెగులు సంగతి వేరు. ఆకులన్నీ పొయ్యి దగ్గర వేలాడదీసినట్టు నల్లబడతాయి. చూస్తే గుండె చెరువవుతుంది గాని ఇది చెట్టులోకి చొరబడే తెగులే కాదు. తడి గుడ్డతో ఆ నలుపును తుడిస్తే కింద ఆకు పచ్చగా ఉంటుంది. తేనెమంచు పురుగులు పూత రసం పీల్చి విడిచే తీపి జిగురు ఆకుల మీద రాలుతుంది, ఆ జిగురును తిని పెరిగే బూజు ఇది. ఆకుకు వెలుతురు అందకుండా చేయడమే దాని కీడు. తెగుళ్ల మందు కొడితే ఫలితం ఉండదు, పురుగును అదుపు చేయాలి. అప్పటికే పట్టిన నలుపుకు పాత ఉపాయం ఒకటుంది: లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన మైదా తీసుకుని, ముందు కొద్ది నీటిలో ఉడికించి గంజి చేసి, మిగతా నీటిలో పలచగా కలిపి వడగట్టి కొట్టడం. బాగా ఎండ ఉన్న రోజున కొడితే గంజి ఎండి పెళుసుబారి, మసిని వెంటబెట్టుకుని పొరలుగా ఊడిపోతుంది. మబ్బు రోజున కొడితే మాత్రం గంజి మీదే కొత్త బూజు పెరుగుతుంది.

మొదలు పట్టే తెగుళ్లు

గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు వెళ్లే కాలువ పక్కన చెట్టు పెట్టడం మన పెరళ్ల అలవాటు. అరటి అక్కడ సుఖంగా పెరుగుతుంది. నిమ్మ, బత్తాయి, బొప్పాయి మాత్రం మొదట్లో ఏపుగా లేచి, నాలుగైదేళ్లలో మొదలు కుళ్లి పోతాయి. కారణం ఫైటాఫ్తొరా. నిమ్మజాతి చెట్లలో నేలకు ఆనుకున్న బెరడు తడిబారి, పగుళ్ల నుంచి తేనెరంగు బంక చుక్కలుగా కారుతుంది. గోరుతో బెరడు లేపితే లోపల గోధుమరంగు పొర, ఒక పుల్లటి వాసన. ఆ కుళ్లు చెట్టు చుట్టూ తిరిగి వలయం పూర్తయితే ఆకులు పసుపెక్కి, చెట్టు చివరిసారిగా విరగపూసి చచ్చిపోతుంది.

పాదు విషయంలో జాగ్రత్త పడితే ఇది చాలావరకు రాదు. చెట్టు ఆహారం తీసుకునే సన్నవేళ్లు మొదలు దగ్గర ఉండవు, కొమ్మల నీడ అంచున ఉంటాయి. అందుకని మొదలు చుట్టూ అడుగున్నర దూరంలో ఒక చిన్న గట్టు కట్టి, దాని వెలుపల మరో గట్టు కట్టి, ఆ రెండింటి మధ్యే నీళ్లు పోయాలి. మొదలు ఎప్పుడూ పొడిగా ఉండాలి. అంటు నాటేటప్పుడు అంటు కట్టిన చోటు నేలకు కనీసం జానెడు ఎత్తున ఉండేలా చూడాలి. మొక్క నిలబడాలని మట్టి ఎగదోసి ఆ చోటు పూడ్చేస్తే తెగులుకు మెట్లు కట్టినట్టే. బత్తాయి అంటు కొనేటప్పుడు వేరుమూలం ఏదో అడగాలి. జంబేరి కన్నా రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు ఈ తెగులుకు బాగా తట్టుకుంటుంది. బంక అప్పటికే కారుతుంటే, కుళ్లిన బెరడును పదునైన కత్తితో ఆరోగ్యమైన పచ్చి అంచు కనబడేదాకా చెక్కి, ఆ చెక్కలను కాల్చేసి, గాయానికి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన చిక్కటి పూత, తయారీ కింద ఉంది) పూయాలి. ఏటా వానలకు ముందూ వానల తరవాతా మొదలు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఈ పేస్టు పూసిన చెట్టుకు ఈ తెగులు అరుదుగా వస్తుంది. బొప్పాయిలో పిథియం వల్ల వచ్చే మొదలు కుళ్లుకు ఇంత గడువు ఉండదు. కాండం మెత్తబడ్డాక వారం తిరక్కుండానే చెట్టు ఒరిగిపోతుంది. దాన్ని మిట్టమీద నాటడమే మందు.

ఫైటాఫ్తొరాలో ఒక ముఖ్యమైన రకానికి పేరు పెట్టింది గోదావరి తాటిచెట్లను చూసి. పందొమ్మిదో శతాబ్దం చివర గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి వరసగా చనిపోసాగాయి. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో శిలీంధ్ర శాస్త్రవేత్తగా పనిచేసిన ఎడ్విన్ జాన్ బట్లర్ ఆ జబ్బును పరిశీలించి, 1907లో దాని కారకాన్ని పిథియం పామివోరమ్ అని వర్ణించాడు. 1919లో దాన్నే ఫైటాఫ్తొరా పామివోరాగా మార్చాడు. బట్లర్ ఐర్లండు వాడు, చదివింది వైద్యం. 1918లో ఆయన వెలువరించిన ‘ఫంగై అండ్ డిసీజ్ ఇన్ ప్లాంట్స్’ భారతీయ మొక్కల తెగుళ్ల మీద తొలి సమగ్ర గ్రంథం. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ప్రభుత్వం మనుషులను పెట్టి, జబ్బు చెట్ల తలలు నరికించి కాల్పించింది. ఆ ప్రయత్నాల చరిత్రను మద్రాసు ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్తగా ఉన్న విలియం మెక్‌రే రాశాడు. తాటిచెట్టు మీద బతికే కుటుంబానికి ఒక్కో చెట్టు నరకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయినా అప్పటికి తెలిసిన దారి అదొక్కటే.

ఆ జీవి ఇప్పుడు ఉష్ణమండల దేశాలన్నిటా ఉంది. బొప్పాయి కాయను, నిమ్మజాతి మొదళ్లను, గోదావరి జిల్లాల్లో కొబ్బరి నీడన పెంచే కోకో కాయలను కుళ్లబెడుతుంది. పెరటి కొబ్బరిలో వానాకాలం మొవ్వు ఆకు వాడి, లాగితే దుర్వాసనతో చేతికి ఊడివస్తే అది ఇదే. తొలిదశలో గుర్తిస్తే కుళ్లిన భాగమంతా కోసి శుభ్రం చేసి, బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన పడకుండా కప్పి ఉంచితే చెట్టు బతుకుతుంది. తలలో ఉన్న ఒక్క మొగ్గా పోయిన కొబ్బరికి, తాటికి మళ్లీ చిగురు రాదు.

వడలు తెగుళ్లు

జామచెట్టు వడలు తెగులును మన దేశంలో మొదట 1935లో అలహాబాదులో గుర్తించారు. వేరు ద్వారా ప్రవేశించిన ఫ్యుజేరియం అనే శిలీంధ్రం నీరు పారే నాళాలను మూసేస్తుంది. వానలు వెనకబట్టాక పైకొమ్మల ఆకులు రంగు తగ్గి, అంచులు ముడుచుకుని, కొమ్మ తరవాత కొమ్మ ఎండుతుంది. పిందెలు రాలకుండా రాళ్లలా నల్లబడి చెట్టునే ఉంటాయి. ఆకు వాడిన నాటికి వేళ్లలో చాలా భాగం పోయి ఉంటుంది కాబట్టి అప్పుడు మందు పోసి బతికించిన చెట్లు తక్కువ. వేర్లలో బొడిపెలు కట్టే నులిపురుగులు ఈ శిలీంధ్రానికి దారి తీసి ఇస్తాయి. కొత్త మొక్క కొన్నప్పుడు కవరు చింపి వేళ్లు చూసి, బొడిపెలుంటే అక్కడే తిప్పి ఇచ్చేయడం మంచిది.

చనిపోయిన జామను వేళ్లతో సహా తీసి కాల్చి, ఆ గుంటను వేసవంతా ఎండకు వదిలేయాలి. అదే గుంటలో మళ్లీ జామ పెట్టకూడదు. ముందు జాగ్రత్తగా పనికొచ్చేది ట్రైకోడెర్మా. ఇదీ శిలీంధ్రమే, తోటి శిలీంధ్రాలను చుట్టుకుని తినేది. 90 కిలోల మాగిన పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచితే ఎరువంతా తెల్లటి, ఆపైన ఆకుపచ్చని బూజుతో నిండుతుంది. అదే పాళ్లలో పెరటికి సరిపడా తయారు చేసుకుని వేళ్ల దగ్గర వేయవచ్చు. దాంతో పాటు రసాయన తెగుళ్ల మందు పోస్తే మేలు చేసే బూజే ముందు చస్తుంది.

అరటిలో కూడా ఫ్యుజేరియం జాతి శిలీంధ్రమే పనామా తెగులు తెస్తుంది. ఒకప్పుడు ప్రపంచ ఎగుమతి మార్కెట్లను ఏలిన గ్రో మిషెల్ అరటి దీనికే బలై, 1960ల నాటికి దాని స్థానంలోకి కావెండిష్ రకాలు వచ్చాయి. ఆ కావెండిష్‌ను కూడా పడగొట్టే కొత్త తెగ ఇప్పుడు బీహారు, ఉత్తరప్రదేశ్ అరటి తోటల్లో ఉంది. మన రకాల్లో దీనికి తేలిగ్గా లొంగేది అమృతపాణి. అంత రుచిగల పండు పెరళ్ల నుంచి కనుమరుగు కావడానికి ఈ తెగులు పెద్ద కారణం. అడుగాకులు పసుపెక్కి కాడ దగ్గర విరిగి, చెట్టు చుట్టూ పావడాలా వేలాడతాయి. నేలలో ఈ శిలీంధ్రం దశాబ్దాలపాటు చావకుండా ఉండగలదు. అది ఇల్లు మారేది ఎక్కువగా పిలకతోనే. పక్కింటివారు ప్రేమగా ఇచ్చిన పిలకైనా సరే, నాటే ముందు దుంప అడుగున ఒక పలుచని చెక్క కోసి చూడాలి. లోపల తెల్లగా ఉంటే నాటవచ్చు. ఎర్రటి, గోధుమరంగు చుక్కలో వలయాలో కనిపిస్తే దాన్ని కాల్చేయాలి, కోసిన కత్తిని మంటలో చూపాలి.

మిగిలిన చెట్లు

ఉసిరి ఆకుల మీదా కాయల మీదా జూలై నుంచి సెప్టెంబరు దాకా వలయాలుగా వచ్చే తుప్పు రంగు పొక్కులు తుప్పు తెగులువి. అంజూర ఆకుల అడుగున పట్టే తుప్పు కూడా అలాంటిదే, కాని కారకం వేరు. రేగుకు బూడిద తెగులు పిందె దశలో పట్టుకుంటే కాయ గరుకుబారి రాలిపోతుంది. గంధకమే మందు. సీతాఫలం చెట్టున రాలకుండా నల్లగా ఎండి వేలాడే కాయలను మరుసటి కాపు దాకా వదిలేయడం పెద్ద తప్పు, ఒక్కో మమ్మీ కాయలో వేల కొద్దీ సిద్ధబీజాలు ఉంటాయి. సపోటా ఆకుమచ్చ చూడ్డానికి భయపెట్టినా బలమైన చెట్టుకు పెద్దగా నష్టం చేయదు.

బోర్డో మిశ్రమం

పెరటి చెట్ల మందుల్లో ఇంట్లోనే చేసుకోదగినది ఇది. దీని పుట్టుక కూడా పెరటి కథలాగే ఉంటుంది. 1870ల చివర్లో అమెరికా నుంచి తెచ్చిన ద్రాక్షమొక్కలతో పాటు బూజు తెగులు ఫ్రాన్సుకు చేరి తోటలను ఊడ్చేయసాగింది. 1882 అక్టోబరులో బోర్డో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పియర్ మిలార్డే మెడోక్ ప్రాంతంలో వెళుతుండగా, తోటలన్నిటా ఆకులు రాలిపోయి ఉన్నా దారి పక్క తీగలు మాత్రం పచ్చగా కనిపించాయి. దారిన పోయేవాళ్లు పండ్లు కోసుకోకుండా, విషం పూసినట్టు కనబడాలని ఆ తోటవాళ్లు మైలుతుత్తం, సున్నం కలిపి వాటి మీద చల్లేవారు. మిలార్డే ఆ సంగతి పట్టుకుని ప్రయోగాలు చేసి 1885లో ఫలితాలు ప్రకటించాడు. దొంగలను ఆపడానికి చల్లిన నీలం నీళ్లు ప్రపంచపు తొలి గొప్ప తెగుళ్ల మందు అయ్యాయి.

ఒక శాతం మిశ్రమానికి 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల పొడిసున్నం కాని అప్పుడే కాల్చిన సున్నపురాయి కావాలి. మైలుతుత్తాన్ని పలుచని గుడ్డలో మూటగట్టి, 5 లీటర్ల నీటిలో వేలాడదీసి రాత్రంతా కరగనివ్వాలి. సున్నాన్ని మరో 5 లీటర్లలో విరిచి చల్లారనిచ్చి వడగట్టాలి. ఆ తరవాత తుత్తపు నీటిని సున్నపు నీటిలోకి సన్నని ధారగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. సున్నాన్ని తుత్తంలో పోస్తే మిశ్రమం గడ్డలు కట్టి కిందికి దిగిపోతుంది. ఇనుము, ఇత్తడి గిన్నెలు పనికిరావు, ప్లాస్టిక్ బకెట్టో మట్టికుండో వాడాలి. సరిగ్గా కుదిరిన మిశ్రమం ఆకాశనీలం రంగులో, పలుచని పెరుగులా ఉంటుంది. దాన్ని పరీక్షించడానికి మెరిసే ఇనుప చాకు ఒకటి నిమిషం సేపు ముంచి తీయాలి. చాకు మీద ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఆ మిశ్రమం ఆకులను కాలుస్తుంది. పూత పట్టనంతవరకు కొంచెం కొంచెం సున్నపు నీళ్లు చేర్చాలి. తయారైన రోజే వాడేయాలి, మర్నాటికి బలం పోతుంది. ఇదే వస్తువులను 100 గ్రాముల చొప్పున ఒక్క లీటరు నీటిలో చిక్కగా కలిపితే మొదళ్లకు పూసే బోర్డో పేస్టు.

రాగి ఆకు మీద పొరలా ఉండి, మొలకెత్తబోయే సిద్ధబీజాన్ని అక్కడికక్కడే చంపుతుంది. లోపలికి వెళ్లిపోయిన శిలీంధ్రాన్ని ఏమీ చేయలేదు. అందుకని దీన్ని ముసురు మొదలుకాక ముందే కొట్టాలి. రాగి శిలీంధ్రపు కణాన్ని ఒకేసారి చాలా చోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి ఇన్నేళ్లయినా దానికి అలవాటు పడ్డ శిలీంధ్రాలు అరుదు. కార్బెండజిమ్ లాంటి లోపలికి పాకే మందులు ఒకే ఒక్క చోట దెబ్బకొడతాయి. అదే మందును మళ్లీ మళ్లీ వాడితే తట్టుకునే తెగలు కొద్ది కాలంలోనే తయారవుతాయి. ఏడాదిలో రెండుసార్లకు మించి అదే మందు వాడకపోవడం, మధ్యలో రాగినో గంధకాన్నో కొట్టడం తెలివైన పని. రాగి అంటే నేలకు హాని లేదని కాదు. అది మట్టిలో కరిగిపోకుండా పేరుకుపోయి వానపాములను తగ్గిస్తుంది. అవసరం లేని నెలలో కొట్టకూడదు.

పెరట్లో మందు కొట్టేటప్పుడు పొలంలో కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆరవేసిన బట్టలు, నీళ్లతొట్టి, కోళ్లు, పసిపిల్లలు, పక్కింటి కిటికీ అన్నీ పది అడుగుల లోపే ఉంటాయి. గాలి లేని పొద్దుటి వేళ, ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగు వేసుకుని, డబ్బా మీద రాసిన మోతాదు, కోతకు ముందు ఆగవలసిన రోజులు చదివి మరీ కొట్టాలి. పలుచని పాలు, పుల్లటి మజ్జిగ వంటివి ఆకు పైపైనే పెరిగే బూడిద తెగులు మీద కొంత పనిచేయగలవు. మొదలు కుళ్లుకూ వడలు తెగులుకూ వాటితో ఏ ప్రయోజనమూ లేదు.

కోత తరవాత

మామిడి కాయను ముచ్చిక తెగకుండా, సెంటీమీటరు తొడిమ ఉంచి కోయాలి. ముచ్చిక ఊడిన చోటే లాసియోడిప్లోడియా అనే మరో శిలీంధ్రం దిగి, మాగే వేళకు తొడిమ చుట్టూ నల్లగా మెత్తబడే కుళ్లు తెస్తుంది. నేల రాలిన కాయలను కోసిన కాయలతో కలపకూడదు. తోలులో నిద్రపోతున్న పక్షికన్నును ఈ దశలో కూడా కొంత అణచవచ్చు. కోసిన రోజే కాయలను 52 డిగ్రీల వేడినీటిలో పది నిమిషాలు ముంచి తీస్తే తోలు పైపొరల్లోని శిలీంధ్రం చాలావరకు చస్తుంది, కాయ రుచి చెడదు. చేతి అంచనాతో కుదిరే పని కాదిది, థర్మామీటరు ఉండాలి. వేడి నాలుగు డిగ్రీలు పెరిగితే తోలు ఉడికి గోధుమరంగు మచ్చలు పడతాయి, బాగా తగ్గితే శిలీంధ్రం చావదు. తీసిన కాయలను చల్లటి నీటిలో ఒకసారి ముంచి, నీడలో గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, తోలు మీద చెమ్మ లేకుండా పూర్తిగా ఆరాకే గడ్డిలో మాగవేయాలి.